ముఖ్య అతిథి వచ్చేదాకా పాడండి

"ముఖ్య అతిథి ఇంకా బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరే ఉన్నారట మాస్టారూ. ఆయన వచ్చేదాకా ఏదో ఒకటి పాడుతుండండి."

ఈ మాట అన్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. మెడలో వాలంటీరు కార్డు, చేతిలో వాకీటాకీ. తప్పు వాడిది కాదు, వాడికి అప్పజెప్పిన పని అది. విన్న పెద్దాయనకు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్లకు పైగా సంగీతం పాఠం చెప్పి రిటైరైన మనిషి. సికింద్రాబాద్ అవతలి నుంచి క్యాబ్‌లో, వెనక సీట్లో తంబురాను పసిబిడ్డలా పడుకోబెట్టుకుని, గంటన్నర ప్రయాణం చేసి వచ్చారు. ఆయన్ను ఒప్పించింది నేను. క్యాంపస్ పిల్లలు వింటారు, ప్రశ్నలు అడుగుతారు, మీరు వచ్చి చెప్పాల్సిందే అని నెల రోజులు వెంటపడ్డాను.

ఏదో ఒకటి! ఆ రెండు ముక్కల దగ్గర రగిలిన మంట నాకు ఇప్పటికీ ఆరలేదు.

ఆయన ఏదో ఒకటి పాడటానికి రాలేదు. భైరవి తీసుకొచ్చారు. పచ్చిమిరియం ఆదియప్పయ్య అటతాళంలో కట్టిన ‘విరిబోణి’ వర్ణాన్ని పట్టుకుని, పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు నుంచి ఇవాళ్టి కచేరీ దాకా ఆ రాగం ఎలా నడిచొచ్చిందో పాడి చూపించాలని వచ్చారు. భైరవిలో ధైవతాలు రెండు. ఎక్కేటప్పుడు చతుశ్రుతి, దిగేటప్పుడు శుద్ధం. ఆ రెండింటి మధ్య గొంతు ఎంత సన్నటి దారిలో నడవాలో ఆయన పాడితే తెలుస్తుంది, పుస్తకం చదివితే తెలియదు. సుబ్బరామ దీక్షితులు ఇచ్చిన పాఠాన్ని గమకాల గుర్తులతో సహా స్వహస్తాలతో రాసి, పిల్లలకు పంచడానికి అరవై జెరాక్సులు తీయించుకొచ్చారు. ఆ డబ్బులు కూడా ఆయనవే.

నాలుగొందల కుర్చీల హాలు. మొదట నలభై మంది దాకా ఉన్నారు, హాజరు వేస్తామన్నారు కాబట్టి. సంతకాలు అయిపోయాక పదకొండు మంది మిగిలారు. స్పీకర్లు ముందురోజు డీజే కోసం సర్దినవి. మృదంగం తొప్పి మీద దెబ్బ పడితే గోడలు అదిరాయి, తంబురా శ్రుతి మాత్రం పాడేవాళ్ల చెవికే చేరలేదు. మార్చమని మైకు మనిషిని బతిమాలాను. "సెట్టింగు ముట్టుకోవద్దన్నారు సార్" అన్నాడు. అయినా పెద్దాయన కళ్లు మూసుకుని అందుకున్నారు. పల్లవి, అనుపల్లవి దాటి ముక్తాయి స్వరంలోకి వెళ్లారు. అప్పుడు తలుపు తెరుచుకుంది, వాకీటాకీలు మోగాయి, "ఆపండి, ఆపండి" అని ఎవరో చేతులూపారు. నిమిషంలో వేదిక మీదికి బల్ల వచ్చింది, పూలగుత్తులు వచ్చాయి. తంబురాను ఎత్తి గోడవారన నిలబెట్టారు. జారి పడితే ఏమవుతుందో ఎవరికీ పట్టలేదు.

ముఖ్య అతిథి అరగంట మాట్లాడారు. మన సంస్కృతి గురించే. ఆయన వెళ్లారు, ఆయనతో కెమెరాలు వెళ్లాయి. "ఇంకో పది నిమిషాలుంది మాస్టారూ, అందరికీ తెలిసిన సినిమా పాట ఒకటి పాడి ముగించండి" అన్నారు. శాలువా కప్పారు. దారి ఖర్చు అడగడానికి ఆయనకు నోరు రాదు, ఇవ్వాలని వాళ్లకు తోచదు.

ఇది ఒక్కచోటే జరిగేది కాదు, అందుకే ఆ సంస్థ పేరు రాయడం లేదు. మన క్యాంపస్‌లలో సంగీతానికి మిగిలిన పేరు ‘కల్చరల్స్’. దీపం వెలిగించే ముందు ఒక ప్రార్థన, భోజనాల ముందు ఒక ఐటెం. సభ సర్దుకునేదాకా ఖాళీ పూడ్చడానికి పాట కావాలి. రసాయనశాస్త్రం ఆచార్యుణ్ణి పిలిచి, మంత్రిగారు వచ్చేదాకా ఏదో ఒకటి చెబుతుండండి అని ఎవరైనా అంటారా? అంటే ఆయన ఊరుకుంటాడా? సంగీతం కూడా చదువేనని, ఒక జీవితకాలం కూర్చుని నేర్చుకుంటే తప్ప రాని చదువని ఒప్పుకోవడానికి మనకు మనసొప్పడం లేదు.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది. ట్రిపుల్ ఐటీ, సైబర్ టవర్స్ రెండూ 1998 నాటివి. ఉర్దూ విశ్వవిద్యాలయం, ఐఎస్‌బీ, శిల్పారామం, శిల్పకళావేదిక, అన్నీ గచ్చిబౌలి చుట్టుపక్కలే. ఇంత చదువు, ఇంత జీతం, ఇన్ని చల్లటి హాళ్లు ఒకేచోట కుప్పపడిన నేల తెలుగు దేశంలో ఇంకోటి లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో నడిచింది సరోజినీ నాయుడు ఇంట్లో, ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో. ఆమె పేరుతోనే 1988లో విశ్వవిద్యాలయంలో కళల పాఠశాల పెట్టారు. నాట్యం, రంగస్థలం చదివే పిల్లలు నెలల తరబడి ఒళ్లు హూనం చేసుకుని ప్రదర్శనలిస్తారు. నేను చూసినవాటికి టికెట్ కూడా లేదు. గచ్చిబౌలి క్యాంపస్ గోడకు ఇవతల పాత ముంబై రహదారి మీద ప్రతి సాయంత్రం వేల కార్లు బారులు తీరి ఆగి ఉంటాయి. గోడకు అవతల ప్రేక్షకుల్లో ఎప్పుడూ అవే ముఖాలు, వాళ్ల స్నేహితులు, వాళ్ల పంతుళ్లు. సినిమాకు పోయి వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టే జనానికి ఈ గేటు దాటడానికి ఏమి అడ్డం?

పెద్దాయన తెచ్చిన జెరాక్సుల సంగతి ఇంకా చెప్పాలి. ఆ పాఠం ఉన్న ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. ఎట్టయపురం ఉన్నది తమిళదేశంలో, దక్షిణాన. కానీ పుస్తకం అచ్చయింది తెలుగు లిపిలో. ముత్తుస్వామి దీక్షితుల వంశంవాడైన సుబ్బరామ దీక్షితులు తన దగ్గరున్న విద్య అంతా తనతోనే పోకూడదని, చిన్నస్వామి ముదలియార్ పట్టుబట్టగా, ఎట్టయపురం ప్రభువు అండతో కూర్చిన గ్రంథం అది. కర్ణాటక సంగీతం మీద పరిశోధన చేసేవాడు ఎవడైనా ఆ గుమ్మం తొక్కాల్సిందే. మద్రాసు మ్యూజిక్ అకాడెమీ దాన్ని సంపుటాలుగా తమిళంలోకి తెచ్చుకుంది. తెలుగు లిపి పుట్టుకతో వచ్చిన మన పిల్లలకు మాత్రం ఆ పుస్తకం పేరు తెలియదు. తాళం చెవి మన జేబులో ఉంది, ఇల్లు పరాయివాళ్లు తెరుచుకుంటున్నారు.

యూరప్ పరిశోధన మండలి డబ్బుతో 2011లో బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం ‘కాంప్‌మ్యూజిక్’ అనే పని మొదలుపెట్టింది. కర్ణాటక సంగీతపు రికార్డింగులు పోగుచేసి, రాగాన్ని, గమకాన్ని, తాళాన్ని కంప్యూటర్ ఎలా పోల్చుకోగలదో ఏళ్ల తరబడి పరిశోధించారు. యంత్రానికి మాటలు నేర్పే ఇంజనీర్లు మన మాదాపూర్‌లో వీధికి వందమంది ఉన్నారు. వాళ్లలో ఎందరో చిన్నప్పుడు సరళీస్వరాలు, జంటస్వరాలు నేర్చుకుని, పదో తరగతి రాగానే అమ్మానాన్నలు మానిపించినవాళ్లు. ఒక్కరైనా శనివారం పూట ఒక ముసలాయన దగ్గర కూర్చుని, "ఈ గమకం ఎలా పలుకుతుంది గురువుగారూ" అని అడిగి రికార్డు చేసుకోవచ్చు కదా!

టైము లేదు సార్, అంటారు. శ్రీపాద పినాకపాణి గారికి ఉందా టైము? కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు ఆయన. పగలు రోగులు, విద్యార్థులు. మిగిలిన వేళల్లో సంగీతం. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, ఇందరు ఆ డాక్టరు దగ్గర నేర్చుకున్నారు. పాటలకు స్వరలిపి రాసి ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా ఇచ్చి పోయారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో, అంధుడైన ఒక పిల్లవాడికి విద్య చెప్పించాలన్న తండ్రి కోరిక మీద మొదలైందని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ఒక్క పిల్లవాడి కోసం కాలేజీ పెట్టిన జాతి మనది. ఇవాళ నాలుగొందల కుర్చీలు వేసి పదకొండు మందిని మిగిల్చాం.

సముద్రాలు దాటిన మనవాళ్లు మాత్రం మరచిపోలేదు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, అక్కడి విశ్వవిద్యాలయం ప్రాంగణంలో. కాలిఫోర్నియాలో తెలుగువాళ్లు 2016లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టి కర్ణాటక సంగీతం, కూచిపూడి డిగ్రీ చదువులుగా చెబుతున్నారు. ఇక్కడా జరగలేదని కాదు. 2010 డిసెంబరులో మన గచ్చిబౌలి స్టేడియంలోనే 2,800 మందికి పైగా కూచిపూడి ఆడితే గిన్నిస్‌వాళ్లు రాసుకున్నారు. ఆ సాయంత్రం నేనూ చూసి పొంగిపోయాను. కానీ ఆ వేల పాదాల్లో ఎన్నింటికి మర్నాడు ఈ ఐటీ కారిడార్‌లో ఒక వేదిక దొరికింది? లెక్క రాసుకునే పండుగలు మనకు కావాలి, వారం వారం కూర్చుని వినడం అక్కర్లేదు.

దర్శనం మొగులయ్య సంగతి గుర్తుందా? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషి. ఆయన మీద పాఠం ఎనిమిదో తరగతి పుస్తకంలో పెట్టారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాలో ఆయన గొంతు విని ఊరంతా ఈలలు వేసింది. 2024లో అదే మనిషి తుర్కయంజాల్‌లో కట్టుబడి పనిలో కూలీగా కనబడ్డాడు. ఆ వీడియోను మనం ఒకరికొకరం పంపుకున్నాం, బాధ పడినట్టు బొమ్మలు పెట్టుకున్నాం. ఊరూరా తిరిగి ఇలాంటి వాద్యాలనూ వాయించేవాళ్లనూ వెతికి పట్టుకున్న జయధీర్ తిరుమలరావు లాంటి ఆచార్యులు ఎందరున్నారు మనకు? కిన్నెర మెట్లు ఎలా బిగిస్తారో, ఏ సొరకాయ బుర్ర పలుకుతుందో, ఏది పలకదో తెలిసినవాళ్లు ఎందరు మిగిలారు? ఇది జాలిపడి వదిలేసే విషయం కాదు. ఆ చేతుల్లో ఉన్నది శాస్త్రం. దాన్ని రాసుకోవలసింది విశ్వవిద్యాలయం, ఆదుకోవలసింది చుట్టూ ఉన్న డబ్బు.

డబ్బుకు చట్టమే దారి చూపింది. 2013 కంపెనీల చట్టం కింద, పరిమితి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. కళలు, సంస్కృతి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. డెబ్బై దాటిన పన్నెండుమంది విద్వాంసుల పాఠాలు రికార్డు చేయిద్దామని కాగితాలు పట్టుకుని ఒక కంపెనీ పదో అంతస్తుకు వెళ్లాను. అడిగిన మొత్తం వాళ్లు ఏడాదికోసారి పెట్టే విందు ఖర్చంత కూడా ఉండదు. "ఎంతమందికి రీచ్ అవుతుంది?" అని అడిగారు. పన్నెండుమంది దగ్గర ఉన్నది పోకుండా మిగులుతుంది అన్నాను. చెబుతాం అన్నారు. ఆ పన్నెండుమందిలో ఇద్దరు ఈ లోపల వెళ్లిపోయారు. ఒకరి దగ్గర ఇంకెవరి దగ్గరా లేని క్షేత్రయ్య పదాల పాఠాలు ఉండేవి. ఉండేవి అనే రాయాల్సి వస్తోంది.

ఆ సాయంత్రం శాలువా మడిచి సంచిలో పెట్టుకుని పెద్దాయన బయటికి వస్తుంటే ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఇంజనీరింగు మూడో సంవత్సరమట, వనపర్తి పిల్ల. చేతిలో జెరాక్సు. "సార్, ఈ స్వరం మీద ఈ గుర్తు ఏందో చెప్పకుండనే ఆపేసిన్రు" అంది. ఆయన అక్కడే మెట్ల మీద కూర్చున్నారు. తంబురా పక్కన పెట్టి, తొడ మీద తాళం వేస్తూ ఆ ఒక్క స్వరాన్ని నాలుగు సార్లు, నాలుగు రకాలుగా ఊపి చూపించారు. ఆ పిల్ల తిరిగి పాడింది. తప్పు పాడింది. మళ్లీ పాడించారు. వాచ్‌మన్ వచ్చి "సార్, లైట్లు బంద్ చేయాలె" అన్నాడు. చీకట్లోనే ముక్తాయి స్వరం మొత్తం చెప్పారు, క్యాబ్ వచ్చేదాకా.

మొన్న ఫోన్ చేశారు. "ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడైనా అడిగిందా నాయనా? చరణం చెప్పాలి, అక్కడే అసలు భైరవి" అన్నారు. నేను ఆ పిల్ల పేరు కూడా అడగలేదు. మిగిలిన నలభై తొమ్మిది జెరాక్సులు నా బల్ల సొరుగులో ఉన్నాయి.