దీపం ఆరినంత మాత్రాన మోటారు ఆగినట్లు కాదు

కంట్రోల్ ప్యానెల్ మీద ఒక మోటారు తాలూకు ఎర్రదీపం ఆరిపోయిందనుకోండి. అనుభవం గల ఆపరేటర్ వెంటనే మోటారు ఆగిపోయిందని లాగ్‌బుక్కులో రాయడు. ముందు ఆమ్మీటరు చూస్తాడు, ఆపైన బల్బు మార్చి చూస్తాడు. సూచిక వేరు, యంత్రం వేరు అన్న ఈ పాఠం ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లోనే మనందరికీ అబ్బుతుంది. అయితే ఇంట్లో లాప్‌టాప్ తెర నల్లబడగానే ఆ పాఠాన్ని మనమే మరచిపోతాం. ఈసారి శీర్షికలో ఆ సంగతి ముచ్చటించుకుందాం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. మన ఇళ్లలోని పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 స్వీకరించే అర్హత లేదు. మా షిఫ్టు సహోద్యోగి ఒకరు, తన కుమార్తె గేట్ పరీక్షకు చదువుకుంటున్న 2016 నాటి లాప్‌టాప్‌లో, లైనక్స్ కుటుంబానికి చెందిన ఉబుంటును ఎక్కించారు. స్విచ్చి వేయగానే తయారీదారు చిహ్నం వచ్చింది. బూట్ మెనూ వచ్చింది. ఆ వెంటనే తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. బజారులోని మరమ్మతు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. పరీక్షకు రెండు నెలలైనా లేదు. అమ్మాయి రాసుకున్న నోట్సు, చేసిన లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన ఆ లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని మా క్వార్టరుకు వచ్చారు.

చిహ్నమూ, మెనూ కనిపించాయంటే తెర, దాని కేబులు, వెనుక దీపం మూడూ పనిచేస్తున్నట్లే. కనుక దుకాణదారు తీర్పు నాకు రుచించలేదు. ఇక్కడ జరిగే ప్రక్రియను కొంచెం గమనించాలి. విద్యుత్తు అందగానే తెరను నడిపేది బోర్డులోని ఫర్మ్‌వేర్. తరువాత లైనక్స్ కెర్నల్ మేల్కొని, గ్రాఫిక్స్ డ్రైవరు సాయంతో ఆ బాధ్యతను తన చేతిలోకి తీసుకుంటుంది. ఎన్ని చుక్కలు, సెకనుకు ఎన్నిసార్లు, ఏ చిప్ ద్వారా అన్నది అప్పుడు నిర్ణయమవుతుంది. పూర్వం ఈ పని తెరపై బొమ్మలు నడిపే ఎక్స్ సర్వర్ చేసేది. 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో, మొదట ఇంటెల్ చిప్‌లకు, ఈ పని కెర్నల్ పరమైంది. షిఫ్టు మార్పిడిలో చార్జి అప్పగింత సరిగా జరగకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడా అంతే. అప్పగింత తప్పితే తెర చీకటి. యంత్రం మాత్రం నడుస్తూనే ఉంటుంది.

అది నిజంగా నడుస్తున్నదా అని తెలుసుకోవడానికి రెండు తేలిక పరీక్షలున్నాయి. మొదటిది, క్యాప్స్ లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతున్నదేమో చూడాలి. స్పందిస్తే కెర్నల్ బతికే ఉన్నట్లు. రెండవది, చీకటి గదిలో తెర మీదకు టార్చిలైటును ఏటవాలుగా వేయాలి. అక్షరాలు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తున్నది, వెనుక దీపం మాత్రమే వెలగలేదన్నమాట. మా యంత్రంలో మొదటి పరీక్ష నెగ్గింది, రెండవదానిలో ఏమీ కనిపించలేదు. అంటే లోపం అప్పగింతలోనే.

దీనికి ప్రథమ చికిత్స ఒకటి ఉంది. బూట్ మెనూలో ఉబుంటు వరుసపై నిలిచి, ఇంగ్లీషు ‘ఇ’ మీట నొక్కాలి. మెనూ రాకపోతే యంత్రం లేచేటప్పుడు ఎస్కేప్ మీట నొక్కాలి. తెరుచుకున్న పాఠంలో ‘లైనక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివరకు వెళ్లి, ఒక ఖాళీ వదలి, ఎన్-ఓ-ఎమ్-ఓ-డి-ఇ-ఎస్-ఇ-టి అనే తొమ్మిది అక్షరాలను చిన్న బడిలో, విడదీయకుండా టైపు చేయాలి. తరువాత ఎఫ్10 నొక్కాలి. తెర బాధ్యతను నీవు తీసుకోవద్దు, ఫర్మ్‌వేర్ ఇచ్చినదానితోనే సరిపెట్టుకో అని కెర్నల్‌కు ఇచ్చే ఆజ్ఞ అది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే పరిమితం, కనుక భయపడవలసినది లేదు. మేము అలాగే చేశాము. తెర వెలిగింది. సహోద్యోగి ముఖమూ వెలిగింది.

ఇక నా పొరపాటు చెప్పుకోవాలి. ఆ రాత్రి పొద్దుపోయిందన్న తొందరలో, నోమోడ్‌సెట్ అనే ఆ మాటను గ్రబ్ సెట్టింగుల ఫైలులో శాశ్వతంగా చేర్చి పంపించేశాను. వారం తిరిగేసరికి అమ్మాయి ఫోను చేసింది. “అంకుల్, వెలుతురు తగ్గించడానికి కుదరడం లేదు. వీడియో పాఠం పెడితే ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. పెద్ద తెరకు కలిపితే బొమ్మే రావడం లేదు.” ఆ మాటలకు సిగ్గుపడ్డాను. ప్లాంటులో ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేస్తే రిజిస్టరులో రాసి, కారణం సరిచేసి, బైపాస్ తీసేదాకా ఊరుకోము. ఇక్కడ నేను బైపాస్ వేసి మరచిపోయాను. ఆ మాట ఉన్నంతకాలం గ్రాఫిక్స్ చిప్ పని చేయదు. బొమ్మలు గీసే భారమంతా ప్రాసెసర్ మీదనే పడుతుంది. వేడి అందుకే, ఫ్యాను మోత అందుకే.

మళ్లీ కూర్చున్నాము. ఈసారి ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, ఒకసారికి ఒకే మార్పు అని నియమం పెట్టుకున్నాను. ముందుగా అమ్మాయి ఫైళ్లన్నింటికీ పెన్‌డ్రైవులో నకలు తీశాము. ఒకసారి ఆ మాట తొలగించి బూట్ చేసి, తెర నల్లబడనిచ్చి, మళ్లీ మాట చేర్చి లేపి, గత బూట్ తాలూకు లాగ్ చదివాము. యంత్రంలో ఇంటెల్, ఎన్‌విడియా అని రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్నాయి. రెండవదానికి లైనక్స్‌తో వచ్చే నూవో డ్రైవరు అక్కడే తడబడుతున్నది. ఉబుంటులోని ‘అదనపు డ్రైవర్లు’ విభాగంలో ఆ చిప్‌కు సిఫారసు చేసిన డ్రైవరును ఎంచుకున్నాము. పాత చిప్‌కు సరికొత్త డ్రైవరు పనికిరాకపోవచ్చు, కనుక సిఫారసునే పాటించాలి.

సెక్యూర్ బూట్ అమలులో ఉంటే ఇక్కడ మరొక మెలిక ఉంది. డ్రైవరు పెట్టేటప్పుడు ఒక సంకేతపదం అడుగుతుంది. మరుసటి బూట్‌లో నీలిరంగు తెర వచ్చినప్పుడు డ్రైవరు సంతకపు తాళాన్ని నమోదు చేసి, అదే సంకేతపదం ఇవ్వాలి. ఏమిటో అర్థంకాక దాటవేస్తే డ్రైవరును కెర్నల్ లోపలికి రానివ్వదు. మేమూ మొదటిసారి దాటవేసి, మళ్లీ చేయవలసి వచ్చింది. చివరగా సెట్టింగుల ఫైలులోని నోమోడ్‌సెట్ మాటను కొట్టివేసి, గ్రబ్‌ను నవీకరించి బూట్ చేశాము. తెర పూర్తి స్పష్టతతో వచ్చింది. వెలుతురు మీటలు పనిచేశాయి. పెద్ద తెరా వెలిగింది.

అమ్మాయి ఆ లాప్‌టాప్ మీదనే చదువు కొనసాగించింది. మదర్‌బోర్డు మార్చే అవసరం రాలేదు. మీ ఇంట్లో ఎప్పుడైనా తెర నల్లబడితే దుకాణానికి వెళ్లేముందు క్యాప్స్ లాక్ దీపాన్ని చూడండి. ఒక మార్గం దొరికి తెర వెలిగితే, అది మరమ్మతా, బైపాసా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. బైపాసే అయితే తేదీతో సహా రాసి పెట్టుకుని, తీసేసిన రోజున ఆ వరుసను కొట్టివేయండి. మన ప్లాంటు రిజిస్టరు ముప్పై ఏళ్లుగా నాకు నేర్పినది ఇదే. ఇంటి దగ్గర దానిని పాటించడానికి ఒక విద్యార్థిని ఫోను చేయవలసి వచ్చింది.