తుపాకీ పట్టే దళానికి మనం కావాలి, ప్రాణం కాపాడే దళానికి వద్దా?

తమ్ముడూ, చెల్లె, ఒక్క మాట అడుగుతా. సర్కారుకు ఆదివాసీ యువకుడు ఎప్పుడు గుర్తుకొస్తడు? అడవిలో దారి తెలిసినోడు కావాల్సి వచ్చినప్పుడు. కోయ, గోండి మాట్లాడేటోడు కావాల్సి వచ్చినప్పుడు. అప్పుడు మనం "స్థానిక యువత" అయితం, మన కోసం ప్రత్యేక దళం పుడుతది, యూనిఫాం వస్తది. అదే పోరగాడు ఊరు విడిచి లక్డారం క్రషర్ల దుమ్ములో, పాశమైలారం షెడ్లలో కూలికి నిలబడితే మాత్రం వాణ్ని కాపాడే దళం ఊసే ఉండదు.

మొదటి సంగతి చూద్దాం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైంది. వేలమంది ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరు పెట్టి తుపాకులిచ్చిన్రు. అయిదో తరగతి చదివితే చాలన్నారు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. పోలీసు ఉద్యోగం కాదు, పోలీసు జీతం కాదు, కానీ చావు మాత్రం పోలీసుల కంటే ముందు వరసలో. కోయ కమాండోలన్నా, ఇంకేమన్నా పని ఒక్కటే: మన చేతితో మన పల్లె మీదికి పోవడం.

2011 జులై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు ఇచ్చిన్రు. చదువు, శిక్షణ సరిగా లేని గిరిజన యువకులను మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చిన్రు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ బలగం పేరుతో కొత్త చట్టం తెచ్చుకుంది. బోర్డు మారింది, మనిషి మారలేదు. తర్వాత డీఆర్‌జీ, బస్తర్ ఫైటర్స్. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఈ స్థానిక దళాల జవాన్లు 8 మంది, వాళ్ల డ్రైవరు చనిపోయిన్రు. అటు చచ్చేది మనోళ్లు, ఇటు చచ్చేది మనోళ్లు. ఈ రెంటి నడుమ ఇల్లు వదిలి గోదావరి దాటి ఖమ్మం, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్నదీ మనోళ్లే.

ఇప్పుడు రెండో సంగతి. పౌరులే స్వచ్ఛందంగా చేరి రాజ్యానికి అండగా నిలబడే వ్యవస్థ మన దేశంలో కొత్తది కాదు. హోంగార్డులు 1946లో బొంబాయిలో పుట్టిన్రు, 1962 యుద్ధం తర్వాత దేశమంతా విస్తరించిన్రు. 1968లో సివిల్ డిఫెన్స్ చట్టం వచ్చింది. 2009 సవరణతో విపత్తుల నిర్వహణ కూడా అందులో చేరింది. ఆ వ్యవస్థలో 12 విభాగాలున్నయి. వార్డెన్లు, అగ్నిమాపకం, క్షతగాత్రుల సేవ, రెస్క్యూ, సమాచారం, సంక్షేమం, రవాణా, శిక్షణ, చివరికి మృతదేహాలను చూసుకునే విభాగం కూడా. ఇందులో ఏ ఒక్కటీ మనిషిని చంపే పని కాదు. మరి ఇందులోకి రమ్మని మన గూడేలకు, మన రూములకు ఎవరన్నా వచ్చిన్రా?

2025 మే 7న హైదరాబాద్‌లో సైరన్లు మోగినయి. సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిలో మాక్ డ్రిల్ జరిగింది. రెండు నెలలు నిండకముందే, జూన్ 30 పొద్దున, పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 54 మంది పోయిన్రు. ఎక్కువ మంది బీహార్, ఒడిశా, యూపీ, జార్ఖండ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తప్ప ఏ శరీరం ఎవరిదో తెలియలేదు. 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. శత్రువు విమానం కోసం సైరన్ మోగించినోళ్లు, కార్మికుని నెత్తి మీద ఉన్న బాంబు కోసం ఎందుకు మోగించరు?

అక్కడ ప్రత్యేక విభాగాలు ఏం చేయగలవో ఆలోచించు. ఏ షెడ్డులో, ఏ షిఫ్టులో ఎవరున్నరో జాబితా చేతిలో ఉన్న వార్డెన్ ఉంటే, ఆ తల్లులు ఆస్పత్రి గేటు దగ్గర ఫొటో పట్టుకొని రోజుల తరబడి తిరిగేటోళ్లు కాదు. ఒడియా, సంతాలీ, గోండి తెలిసిన సమాచార విభాగం ఉంటే "బయటికి ఉరుకు" అన్న మాట మనిషికి తన భాషలో అందుతది. కాలిన గాయానికి మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో తెలిసిన జట్టు గేటు పక్కనే ఉంటే అంబులెన్సు వచ్చేదాకా ప్రాణం నిలుస్తది. అమెరికాలో రాష్ట్ర రక్షణ దళాలని వాలంటీర్లతో నడుస్తయి. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు మేరీలాండ్ దళం తన వైద్య విభాగాన్ని లూసియానాకు పంపింది. డాక్టరు డాక్టరు పనే చేసిండు. నైపుణ్యం అంటే అది. మనకైతే నైపుణ్యం అంటే అడవిలో ముందు నడవడమేనా?

"ఫ్యాక్టరీ తప్పుకు వాలంటీరు ఎందుకు ప్రాణం పెట్టాలె?" అని కొందరు అన్నలు అడుగుతున్నరు. సరైన ప్రశ్నే. యజమాని బాధ్యతను వాలంటీరు నెత్తిన వేయమని నేనంటలేను. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ బయట జనానికి కూడా ఆపత్కాల ప్రణాళిక ఉండాలె, ఏటా డ్రిల్ చేయాలె. 1996 నిబంధనల ప్రకారం స్థానిక క్రైసిస్ గ్రూపులు చుట్టుపక్కల జనానికి అవగాహన కల్పించాలె. అంటే మనం అడిగేది దానం కాదు, కాగితం మీద ఉన్నదాన్నే. శిక్షణ పొందిన జట్టు బస్తీలో ఉంటే, లోపల ఏ రసాయనం ఉందో చెప్పమని అడిగే గొంతు కూడా ఉన్నట్టే.

ఇంకో మోసం "స్వచ్ఛందం" అన్న మాటలో ఉన్నది. హోంగార్డులను పర్మినెంట్ చేయలేమని, కానీ పోలీసు కనీస జీతానికి తగ్గ భత్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజు భత్యం 921 నుంచి 1,000 రూపాయలైంది. ఏళ్ల తరబడి రోడ్డు మీద నిలబడ్డా కొలువు కాదు, భత్యమే. కాబట్టి సేవ పేరుతో చవక చాకిరీ ఒప్పుకోవద్దు.

మన డిమాండ్లు ఇవి: పటాన్‌చెరు, పాశమైలారం, లక్డారం చుట్టూ అగ్నిమాపక, ప్రథమ చికిత్స, రెస్క్యూ, వార్డెన్ విభాగాలు పెట్టాలె. అందులో ఆదివాసీ, వలస కార్మిక యువతకు, ఆడపిల్లలకు చోటుండాలె. శిక్షణ రోజులకు కూలి, బీమా, సామాను ఇయ్యాలె. ఈ దళాల్లో చేరినోణ్ని ఏనాడూ సాయుధ పనికి మళ్లించొద్దు.

సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది. పది రూపాయలు పెట్టి ఆర్టీఐ వేయొచ్చు. మా ప్రాంతానికి ఆపత్కాల ప్రణాళిక ఏది, పోయిన డ్రిల్ ఎప్పుడు చేసిన్రు, మా వార్డెన్ ఎవరు? ఈ మూడు ప్రశ్నలు రాసి, నీ పేరు కింద పెట్టి, రసీదు తీసుకో. జై ఆదివాసీ.