ఉచిత బండతోపాటు గొట్టం కూడా

దీపం–2 పథకాన్ని 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించిన రాష్ట్ర ప్రభుత్వం, అర్హులైన ఇళ్లకు ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితంగా ఇస్తామంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తొలి దీపం వెలిగింది, 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. పాతికేళ్లుగా ఈ పథకాలు లక్షలమంది ఆడవాళ్లను కట్టెల పొగ నుంచి బయటపడేశాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి లాంటి ఊళ్ల వైపు నుంచి చూస్తే ఒక లోటు తెలుస్తుంది. బండ ఇచ్చాం, పొయ్యి ఇచ్చాం. ఆ పొయ్యిని పెట్టుకునే గట్టు, కాలం తీరగానే మార్చాల్సిన గొట్టం, వచ్చి చూసిపోవాల్సిన మనిషి మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి. ప్రమాదం జరిగితే ‘ఆమె సరిగా చూసుకోలేదు’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం. వంటింటి భద్రతను వండే మనిషి జాగ్రత్త మీదే మోపడం తప్పని, ముందు సరిచేయాల్సింది అమరికనని నా వాదన.

గ్యాస్ స్వభావం తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. కట్టెల పొగ పైకి లేచి, తాటాకు కప్పు సందుల్లోంచో కిటికీలోంచో బయటికి పోతుంది. మన బండలో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అవి లీకైతే కిందికి దిగి, నేలంతా పరుచుకుని, మూలల్లో నిలుస్తాయి. గాలిలో వాటి పాలు రెండు శాతం దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి. అందుకే బండ నేలమీద నిటారుగా ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తున గట్టుమీద ఉండాలి అన్నారు. ఒకే గది ఉన్న ఇంట్లో, పీటమీద కూర్చుని వండే అలవాటు ఉన్నచోట, పొయ్యి నేలమీదకే దిగుతుంది. లీకైన గ్యాస్ ముందుగా చేరే చోటే మంట వెలుగుతుంటుంది. అక్కడ ఆ ఇల్లాలు ఎంత నేర్పరి అయినా గ్యాస్ బరువు తగ్గదు.

గొట్టం సంగతి ఇంకా నిర్లక్ష్యంగా ఉంది. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న సురక్షా గొట్టం వాడాలి, దాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. బజారులో దొరికే మామూలు రబ్బరు గొట్టాన్ని ఎలుక ఒక్క రాత్రిలో కొరికేయగలదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పూ, బండ అడుగు చుట్టూ ఉండే కమ్మీ ఇందుకు మినహాయింపు కాదు. లీకు అనుమానం వస్తే సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ఆత్మహత్యతో సమానం. బండ మెడ దగ్గర రేకు మీద ఉండే అక్షరం, అంకె కూడా చదవడం నేర్చుకోవాలి. డి–27 అని ఉంటే 2027 చివరి మూడు నెలల్లో ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలని అర్థం. గడువు దాటిన బండను తీసుకోనని చెప్పే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది.

‘ప్రమాదాలు నిర్లక్ష్యం వల్లే జరుగుతాయి, అమరికను అంటే ఏం లాభం?’ అని అడగవచ్చు. నిర్లక్ష్యం లేదనను. కానీ పొయ్యిమీద పాలు, పక్కన ఏడ్చే బిడ్డ, వాకిట్లో పిలుపు, ఇవన్నీ ఒకే మనిషికి ఒకే నిమిషంలో వస్తాయి. పాలు పొంగి మంట ఆరిపోతే మన ఇళ్లలోని చాలా పొయ్యిల్లో గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఐరోపాలో అమ్మే పొయ్యిల్లో మంట ఆరగానే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు మామూలు విషయం. అక్కడి ఆడవాళ్లకు మనవాళ్లకంటే జాగ్రత్త ఎక్కువేం కాదు. మనిషి ఏమరుపాటును ముందే లెక్కలోకి తీసుకుని వస్తువును తయారుచేశారు, అంతే.

‘ఈ గొడవంతా ఎందుకు, కట్టెల పొయ్యే నయం’ అనేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలోని వంటపొగ, దాంతో పాడైన గాలి వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది వెనక్కి వెళ్లాల్సిన దారి కాదు. కరెంటు పొయ్యి మంచిదే. అయితే గాలివాన వస్తే కరెంటు పోయే తీరప్రాంతంలో దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

ఖర్చు మాట కూడా నిలబడదు. సురక్షా గొట్టం ధర రెండు వందల రూపాయలకు అటూ ఇటూ. ఏటా మూడు బండల ఖరీదు భరిస్తున్న ప్రభుత్వానికి ఐదేళ్లకోసారి ఒక గొట్టం భారమవుతుందంటే నమ్మలేం. అడవులదీవిలో ఒళ్లు బాగా కాలినవాళ్లను రేపల్లె, తెనాలి దాటించి గుంటూరు పెద్దాసుపత్రి దాకా మోసుకెళ్లాల్సి వస్తే, ఆ దారి ఖర్చే గొట్టం ధరను మించుతుంది. ఇక ఆ ప్రాణానికి, ఆ నొప్పికి ఏం వెల కడతాం?

చేయాల్సిన పనికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. బండ తెచ్చే కుర్రాడు లీకు చూసి ఇవ్వాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఆ పనికి అతనికి విడిగా కూలి కట్టివ్వాలి, లేకపోతే మెట్లమీద బండ దించి వెళ్లిపోతాడు. ఊళ్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గొట్టం మార్చడం, వాషరు చూడటం నేర్పించి, ఇంటింటి తనిఖీ వాళ్లకే అప్పగించవచ్చు. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోన్ చేయాలని వాళ్లు చెబితే ఇరుగుపొరుగు వింటారు. గట్టు లేని ఇంటికి గృహనిర్మాణ పథకంలో గట్టు కట్టివ్వాలి. తనిఖీ జరగలేదన్న సాకుతో మాత్రం ఏ ఇంటి రాయితీ డబ్బూ ఆపకూడదు. తనిఖీకి రాని తప్పు ప్రభుత్వానిదైతే, శిక్ష ఆ ఇంటికి పడకూడదు.