ముందు పాఠము, పిదప లైసెన్సు

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున మొదటిసారి డ్రైవింగు లైసెన్సు కోరు పెద్దలు మద్యము, మత్తుమందులు, రహదారి చట్టములను గూర్చి 4 గంటల పాఠము నేర్వవలెను. ఇంటర్నెట్టు ద్వారా ఇంటనే నేర్వవచ్చును. 2025 ఆగస్టు నుండి 18 ఏండ్లలోపు వారికి 6 గంటల పాఠము.

అచట 100 మిల్లీలీటర్ల రక్తమున పెద్దలకు మద్యసారపు హద్దు 80 మిల్లీగ్రాములు. మన 1988 నాటి చట్టమున 30 మాత్రమే. మన హద్దే కఠినము. కాని కోతలనాటి రాత్రి ట్రాక్టరు తోలు కుఱ్ఱవానికి కూలితోబాటు సీసా నిచ్చువారు మనలోనే కలరు గదా! పుల్లమజ్జిగయు చన్నీళ్లును మత్తును దింపునని వానికి చెప్పువారును మనవారే. అది వట్టి భ్రమ. కాలేయము తన వేగముననే మద్యమును హరించును, తొందరపెట్టిన వినదు. వెనుక తొట్టిలో బస్తాలపై కూలి స్త్రీలు కూర్చుండియుందురు. జుల్మానా పడిన పిదప ఈ సంగతి తెలిసి యేమి లాభము? ట్రాక్టరు అప్పు కోరువాని యింట చక్రము పట్టు ప్రతివానికిని ఈ పాఠము చెప్పించిన పిమ్మటనే మన సంఘము సొమ్మీయవలెనని నా యభిప్రాయము.