వేసవి పానీయములు, వానికి దగిన చిరుతిండ్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. రోళ్ల మాట యెట్లున్నను, మాదన్నపేట సందులలో రేకుల కప్పుల క్రింద సంసారములు సాగించు గృహిణులకు ఉగాది దాటినంతనే కాక మొదలగును. చల్లగా, చౌకగా త్రాగదగిన దేమి, దానితో తినదగిన దేమి యని సోదరీమణులు ఏటేట మమ్ము అడుగుచునే యుందురు. సీసాలలోని రంగునీళ్ల ప్రసంగ మిచ్చట చేయము. వానిలో పంచదార కంటె చెప్పుకోదగినది లేదు.

తానాషా కొలువున మంత్రియైన మాదన్న పేర వెలసిన పేట యిది. అక్కన్న మాదన్న లిరువురును హతులైరి. పేరు మాత్రము నిలిచినది. ఇచ్చటి మండిలో వేసవి వచ్చినంతనే నిమ్మకాయలు, పుదీన, పచ్చిమామిడికాయలు, ముంజెలు కుప్పలు పడును. చీకటిపడు వేళ బేరము సులభముగా కుదురును గాని, ఆ వెలుతురులో నిమ్మకాయ మచ్చ కానరాదు. పగలే కొనుట మేలని మా యభిప్రాయము.

అన్నిటి కంటె చౌకయైనది మన పెద్దలు ఎరిగిన తరవాణి. కొందరు దీనిని కలి యందురు. అన్నము వార్చిన గంజిని చల్లార్చి, కొంచెము మంచినీరు కలిపి, కడిగి యెండబెట్టిన మట్టికుండలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడపట్టున ఉంచవలెను. రెండుమూడు దినములలో పులుపు తిరుగును. కుక్కరులు వచ్చిన పిదప వార్చుట పోయినది, వార్చుటతో గంజియు పోయినది. కావున రాత్రి మిగిలిన అన్నములో మునుగునట్లు నీరు పోసి, తెల్లవారిన పిదప ఆ నీటినే తీసికొనవచ్చును. ఇందు పులుపు పుట్టించునవి పెరుగును తోడుపెట్టు జాతి సూక్ష్మజీవులే. ద్రాక్షాసవమునందు పని చేయునది వేఱు జాతి. అది తీపిని మత్తుగా మార్చును, ఇవి తీపిని పులుపుగా మార్చును. తరవాణి జిగురు సాగినను, పైన బూజు కట్టినను, దుర్గంధము వేసినను సంకోచింపక పారబోయవలెను. ఒక కుండ గంజి కొరకు పిల్లల కడుపులను పరీక్షించుట తగదు.

దీనికి తోడు పచ్చి ఉల్లిపాయ, వేయించిన చల్లమిరపకాయ, లేక మాగాయ ముక్క. ఐరోపాఖండపు గృహిణులు వేసవిలో చల్లని తెల్ల ద్రాక్షాసవముతో చేపలను, జున్నును వడ్డించుటకును, మనము తరవాణితో చల్లమిరపకాయ నంజుకొనుటకును సూత్ర మొక్కటియే: పుల్లని పానీయము నూనెను, ఉప్పును కోరును. చెమటతో పోయిన ఉప్పు కొంత తిరిగి వచ్చుట మన పద్ధతియందలి అదనపు లాభము. రక్తపుపోటు గలవారు మాత్రము ఊరగాయను తగ్గించి ఉల్లిపాయను హెచ్చించుకొనవలెను.

తైదల అంబలిని గూర్చి తెలంగాణపు సోదరీమణులకు మేము చెప్పనక్కఱ లేదు. పిండిని రాత్రియే నానబెట్టి, ఉదయమున కాచి, చల్లారిన పిదప మజ్జిగయు ఉప్పును కలిపినచో, కూలిపనికి పోవువారికి మధ్యాహ్నము వఱకు ఆకలి తెలియదు. పచ్చిమిరపకాయ యొకటి చాలును.

శ్రీరామనవమినాటి పానకము, వడపప్పు జోడింపును కుదిర్చిన తల్లి యెవరో గాని, ఆమె బుద్ధికి మేము నమస్కరింతుము. లీటరు నీటికి సుమారు 150 గ్రాముల బెల్లము కరగించి, వడగట్టి, మిరియాలు, శొంఠి, ఏలకులు పొడిచేసి కలుపవలెను. నానిన పెసరపప్పులో పచ్చిమామిడి, కొబ్బరి కోరు వేసి ఉప్పు చల్లినచో, పానకపు తీపికి అది హద్దు గీయును. మధుమేహము గలవారు వడపప్పును భుజించి, పానకమును తీర్థముగా మాత్రమే పుచ్చుకొందురు గాక. ప్రక్కయింటి వారి నుండి రంజాను సాయంకాలములందు వచ్చు షర్బతు గ్లాసుకు మారుగా ఈ వడపప్పు గిన్నె పంపినచో, ఖర్జూరముతో అదియు బాగుండును. నానిన సబ్జాగింజలు రెంటికిని నప్పును.

ద్రాక్షలలో అనాబెషాహీ యను జాతికి ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపట్ల తోటలు విస్తారముగా నుండెను. గింజ యున్నను రసము మెండు. ఏ జాతి ద్రాక్షలనైనను చక్కగా కడిగి, పిసికి, గుడ్డలో వడగట్టి, చిటికెడు ఉప్పు వేసి అప్పటికప్పుడే త్రాగవలెను. ప్రక్కన వేయించిన అటుకులు, వేరుశనగపప్పు ఉంచుడు.

ఇక కల్లు. గృహిణుల పుటలో కల్లు మాట యేమని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో! బోనాలనాడు సాకగా పోయునదియు, ఎందఱో శ్రమజీవుల యిండ్లలో స్త్రీలు సైతము పుచ్చుకొనునదియు అయిన దానిని లేనట్లు నటించుట మాకు చేతకాదు. తాటి చెట్టు, ఈత చెట్టు ఇచ్చు రసము తెల్లవారుజామున దింపినప్పుడు నీరా. తియ్యగా నుండును, మత్తు లేదు. ఎండ తగిలినకొలది గాలిలోని, కుండలోని పులిసెడి జీవులు దానిని కొన్ని గంటలలోనే కల్లుగా మార్చును. కుండ లోపల సున్నము పూయుటయు, మంచులో నుంచుటయు ఈ మార్పును ఆలస్యము చేయుటకే. హైదరాబాదున హుస్సేనుసాగరు చెంత నెక్లెసు రోడ్డుపై ప్రభుత్వము వారి నీరా కేఫు 2023 మే నెలలో తెరవబడినది. నీరాకు తోడు ఉడికించిన శనగల గుడాలు, వానిపై నిమ్మరసము. ఇంతకు మించిన ఆడంబర మక్కఱలేదు.

దుకాణపు కల్లు సంగతి వేఱు. నగరమున 2004లో మూయబడిన కల్లు దుకాణములు 2014లో మరల తెరవబడెను. చెట్లు కొద్ది, త్రాగువారు పెక్కుమంది. కొఱత తీర్చుటకు నీళ్లును, మత్తు కొఱకు క్లోరలు హైడ్రేటు, డయజిపాము, అల్ప్రజోలాము వంటి మందులును కలుపు దుర్మార్గము పుట్టినది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఎందఱో ఆసుపత్రుల పాలైరి. చౌకగా వచ్చిన సీసా అందఱికంటె పేదవానికే అధికపు వెల యైనది.

ఇంటిలో ఎవరైనను ఏండ్ల తరబడి ఇట్టి కల్లునకు అలవాటుపడి యున్నచో, కోపముతో ఒక్కసారిగా మాన్పింపవలదు. లోపలి మందు హఠాత్తుగా ఆగినచో వణకు, నిద్రలేమి, మతిభ్రమ, మూర్ఛలు కలుగును. ప్రాణాపాయము సైతము ఉండును. దెయ్యము పట్టినదని వేపమండలు తేక, ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యాలయమునకు గాని, సమీపమున నున్న పెద్దాసుపత్రికి గాని తీసికొనిపోవలెను. మందును కొంచెము కొంచెముగా తగ్గించు పద్ధతి వైద్యులకు తెలియును. పోవునపుడు ఆ మనిషి దినమునకు ఎన్ని సీసాలు త్రాగుచుండెనో, ఎన్నేండ్ల నుండియో, కడపటిసారి త్రాగిన దెప్పుడో ఒక చీటిపై వ్రాసికొని పోయినచో వైద్యునకు మిక్కిలి సాయము.