యాస మీదికి నెపమా?

2024 లోక్‌సభ ఎన్నికల వేళ, ఏప్రిల్ 5న సిరిసిల్ల విలేకరుల సమావేశంలో అన్న మాటలకు ఎన్నికల సంఘం సంజాయిషీ అడిగింది. దానికి భారత రాష్ట్ర సమితి (బీఆర్ఎస్) అధినేత, మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఇచ్చిన జవాబు చదివితే తెలంగాణలో పుట్టిన ఎవరికైనా ఒళ్లు మండాలి. రాష్ట్రంలోనూ, సిరిసిల్లలోనూ ఎన్నికల పని చూస్తున్న అధికారులు తెలుగువారు కారట. ఇక్కడి మాండలికం వారికి సరిగా తెలియదట. కాంగ్రెస్ వాళ్లు ముందువెనుకలు లేకుండా నాలుగు వాక్యాలు ఏరి, వాటిని ఇంగ్లిషులోకి వక్రంగా మార్చి ఫిర్యాదు చేశారట. తాను విమర్శించింది ప్రభుత్వ విధానాలనే తప్ప మరొకటి కాదట. సంఘం ఈ మాట నమ్మలేదు. బుధవారం రాత్రి 8 గంటల నుంచి 48 గంటలపాటు ప్రచారం చేయవద్దని ఆదేశించింది. శుక్రవారం రాత్రితో ఆ గడువు తీరిపోయింది. ఆ జవాబు మాత్రం రికార్డులో ఉండిపోయింది.

బీఆర్ఎస్ పక్షాన న్యాయమైన మాట ఒకటుంది. రాజస్థాన్‌లో ప్రధాని చేసిన ప్రసంగానికి నోటీసు ఆయనకు కాక అప్పటి బీజేపీ అధ్యక్షుడు నడ్డాకు వెళ్లింది, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నోటికి అదుపు లేకున్నా సంఘం ఇంత చురుగ్గా కదలలేదు. ఈ వివక్షకు సంఘమే జవాబు చెప్పుకోవాలి. పక్కవాడికి పడని శిక్షను చూపించి తన తిట్టును మంచిమాటగా చలామణీ చేసుకోవడం మాత్రం ఎవరికీ కుదరదు.

ఆ రోజు దొర్లిన మాటలను మళ్లీ అచ్చువేయడం ఈ పత్రికకు ఇష్టం లేదు. ప్రత్యర్థుల పుట్టుకను కుక్కలకు ముడిపెట్టడం వాటిలో ఒకటి అంటే చాలు. ఇందులో మాండలికం ఎక్కడుంది? ఏ జిల్లా యాసలో దీనికి మరో అర్థం ఉంది? ఫిర్యాదు చేసినవారు తెలంగాణ కాంగ్రెస్ నాయకులే, ఈ మాటలు వింటూ పెరిగినవారే. వారికి అనువాదంతో పనేముంది? ఇంగ్లిషు తర్జుమా తప్పే అనుకుందాం, ఒప్పు ఏదో చెప్పమనండి. సమావేశంలో ఆయన పక్కన కూర్చున్న మాజీ మంత్రులు, ఎమ్మెల్యేలలో ఏ ఒక్కరైనా ఆ వాక్యాలకు మర్యాదైన అర్థం చెప్పగలిగితే మొదటి పేజీలో వేస్తాం.

తెలంగాణ మాటను బయటివారు అపార్థం చేసుకోవడం లేదని కాదు. చాలా ఉంది. ఇక్కడి పల్లెలో మనవడు తాతను పట్టుకుని 'ఎప్పుడొచ్చినవే' అంటాడు. బిడ్డ తండ్రిని 'బాపూ, యాడికి పోతున్నవే' అని అడుగుతుంది. 'మీరు' అనలేదు, పైగా ఆ 'వే' ఒకటి. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకప్పుడు అది విని ఉలిక్కిపడేవాడు, వీళ్లకు పెద్దాచిన్నా లేదని ఇంటికి ఉత్తరం రాసుకునేవాడు. అది చనువు, ప్రేమ అని తెలియడానికి అతనికి కొన్నేళ్లు పట్టేది, కొందరికి ఎన్నటికీ తెలియలేదు. మాండలికం అర్థం కాకపోవడమంటే ఇది. 'ఎప్పుడొచ్చినవే' అన్నదాన్ని తప్పుగా వినవచ్చు గానీ, కుక్క అన్నదాన్ని ఎవరూ తప్పుగా వినరు.

ఈ వాదనలోని అసలు అన్యాయం ఇంకా లోతుగా ఉంది. తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి ఈ యాస రౌడీకీ, తాగుబోతుకూ, నవ్వించడానికి పెట్టిన పనివాడికీ దక్కిన వాటా. నాయకుడికి కృష్ణాజిల్లా మాట, అతని చేతిలో తన్నులు తినేవాడికి తెలంగాణ మాట. సచివాలయంలో, కాలేజీల్లో, రేడియోలో ఇక్కడివాళ్లు నోరు విప్పడానికి జంకిన రోజులున్నాయి. మీ భాష మోటు, బూతులు లేకుండా మీకు మాట రాదు అన్న ఎత్తిపొడుపును భరించలేక కూడా జనం తెలంగాణ ఉద్యమంలోకి వచ్చారు. ఆ అవమానాన్ని తుడిచేసినవారిలో చంద్రశేఖర్ రావుది పెద్ద చేయి, ఆ సంగతి ఆయన ప్రత్యర్థులూ కాదనరు. ఆయన సభల్లో మాట్లాడే తీరు విన్నాకే చాలామంది తమ ఇంటిమాటను బయట కూడా ధైర్యంగా మాట్లాడారు. అలాంటి మనిషి ఒక నోటీసు తప్పించుకోవడానికి, ఇవి తిట్లు కావు, మా మాండలికమే ఇంత అన్న అర్థం వచ్చేలా రాసిచ్చారు. వెక్కిరించినవాళ్లు అన్నమాటా అదే. వాళ్లు నిరూపించలేకపోయిన దాన్ని ఈయన సంతకం పెట్టి ఇచ్చారు!

తెలియక చేశారని సరిపెట్టుకోవడానికీ లేదు. ఆయన ఉస్మానియాలో తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేశారు. కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరపాలని నిర్ణయించింది ఆయన ప్రభుత్వమే. 2017 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టి, చిన్ననాటి గురువు కాళ్లకు అంతమంది ముందు మొక్కి, పద్యాలు అప్పజెప్పి సభను కట్టిపడేశారు. మరుసటి ఏడాది బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. భాషలో ఏది చురక, ఏది ఛీత్కారం అన్నది ఈ రాష్ట్రంలో ఆయనకంటే బాగా తెలిసిన రాజకీయ నాయకుడు లేడు. నవ్విస్తూనే ఎదుటివాణ్ణి తుత్తునియలు చేయగల సామెతలు ఆయన దగ్గర బోలెడున్నాయి. అవన్నీ పక్కన పెట్టి కుక్కల దగ్గరికి వెళ్లడం భాష చాలక కాదు, ఎంచుకుని చేసిన పని.

ఇక తెలుగురాని అధికారుల ముచ్చట. 2014 జూన్ నుంచి 2023 డిసెంబర్ దాకా తొమ్మిదిన్నరేళ్లు తెలంగాణ కేడర్ ఐఏఎస్‌లతోనే ఆయన రాష్ట్రం నడిపారు. వారిలో ఉత్తరాది వాళ్లున్నారు, తమిళులున్నారు. గంటలకొద్దీ సాగిన ఆయన సమీక్షలను నోట్ చేసుకుని, ఆ నోటిమాటలనే ఉత్తర్వులుగా మార్చింది వాళ్లే. కాళేశ్వరం ప్రాజెక్టు నుంచి రైతుబంధు పథకం దాకా ఏ ఒక్కదానిలోనూ వాళ్లకు ఆయన మాట అర్థం కాలేదన్న ఫిర్యాదు లేదు. కుర్చీ దిగిన నాలుగు నెలలకే వాళ్లకు తెలుగు రాకుండా పోయిందా? అసలు ఎన్నికల పరిశీలకులను వేరే రాష్ట్రాల నుంచి పంపడం సంఘం కావాలని పెట్టుకున్న పద్ధతి, స్థానిక మొహమాటాలు ఉండకూడదని. పరాయివాడికి మన మాట తెలియదు గనుక మన సభల గురించి మాట్లాడొద్దు అంటే రేపు ఏ నాయకుణ్ణీ ఎవరూ అడగలేరు. బహుశా ఆయన కోరుకుంటున్నది అదే.

ఆయన అభిమానులు మరో మాట అంటున్నారు. ఊళ్లో పెద్దమనిషి కోపమొస్తే నాలుగు మాటలంటాడు, అందులో ఏముంది అని. ఊరి పెద్ద తిట్టేది రేపు పొద్దున కూడా తన అరుగు మీదే కూర్చునేవాణ్ణి, వాడింట్లో పెళ్లికి ముందు నిలబడేది కూడా ఆయనే. ఓట్ల కోసం పదుల మైకుల ముందు వాడే తిట్టుకు ఆ బంధుత్వం లేదు. పైగా ఇది కోపంలో జారిన ఒక్కనాటి మాటా కాదు. 2019లో కరీంనగర్ సభ, 2023లో బాన్సువాడ సభ విషయంలోనూ సంఘం ఆయన్ను హెచ్చరించింది. విమర్శ విధానాలకు, కార్యక్రమాలకు, గత పాలనకు పరిమితం కావాలన్నది ప్రవర్తనా నియమావళి మొదట్లోనే ఉండే నిబంధన. అన్ని ఎన్నికలు చూసిన ఆయనకు ఎవరో చదివి వినిపించాలా?

ఈ గొడవలో అందరూ మరిచిన వాళ్లు సిరిసిల్ల నేతకార్మికులు. ఆ రోజు సమావేశంలో వారి ప్రస్తావనా వచ్చింది. కాంగ్రెస్ వాళ్లు నేతపని చేసే పద్మశాలీలను హేళన చేశారన్నదే ఆయన కోపానికి మూలమని చెప్పుకున్నారు. సాంచెలు (మరమగ్గాలు) ఆగిపోయి, వాటిని నడిపే ఆసాములు అప్పుల్లో మునిగి, మగవాళ్లకు పని లేక ఆడవాళ్లు చుట్టే బీడీల మీద ఇల్లు గడిచే వాడలు అప్పట్లో ఉండేవి అక్కడ. బతుకమ్మ చీరల ఆర్డర్లు ఏమవుతాయి, పాత బకాయిలు ఎవరి హయాంలో ఎంత పేరుకున్నాయి, నూలు డిపో వస్తుందా రాదా అని వాళ్లు అప్పుడు అడిగారు. వాటి మీద రెండు పార్టీలూ తడుముకోకుండా జవాబు చెప్పాల్సి వచ్చేది. మాజీ ముఖ్యమంత్రి నోరు పారేసుకోవడంతో అధికార పక్షానికి ఆ బెడద తప్పింది. మరునాడు టీవీ చర్చల్లో సాంచెల ఊసు లేదు, కుక్కలే ఉన్నాయి. గాంధీభవన్‌లోని కాంగ్రెస్ వాళ్లు ఫిర్యాదు రాస్తూ లోలోపల ఎంత సంతోషించి ఉంటారో ఊహించుకోవచ్చు.

గడువు తీరాక చంద్రశేఖర్ రావు మళ్లీ ప్రచార బస్సెక్కారు. మే 11 సాయంత్రం దాకా ప్రచారానికి సమయం ఉండింది. కాంగ్రెస్‌కు క్షమాపణ చెప్తారా లేదా అన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవచ్చు. మాండలికం పేరు చెప్పి సంఘానికి రాసిచ్చిన ఆ వాక్యాలను మాత్రం వెనక్కి తీసుకోవాలి, తీసుకున్నట్టు బహిరంగంగా చెప్పాలి. ఎన్నికల సంఘం కూడా ఇకపై ఇలాంటి ఆదేశాల్లో నాయకుడు అన్న మాటలను ఎంత చదవలేనివైనా యథాతథంగా, తెలుగు లిపిలోనే ఇవ్వాలి. పత్రికలు అచ్చువేయకపోయినా ఆదేశంలో అవి ఉండితీరాలి. అప్పుడు తర్జుమా తప్పని ఎవరైనా అంటే, ఆ కాగితం తీసుకెళ్లి సిరిసిల్ల బస్టాండులో ఎవరి చేతికిచ్చినా చదివి అర్థం చెప్తారు.