కాళ్లు తడబడితే.. తప్పు వయసుదేనా?

'అరవై వచ్చాయి, కాళ్లు లాగడం మామూలే' అని సరిపెట్టుకుంటాం. నడక తడబడితే డిస్కు అనీ, మూత్రం సరిగా రాకపోతే ప్రోస్టేటు అనీ అనుకుంటాం. రెండూ ఒకరిలోనే కనిపిస్తే మాత్రం వెన్నుపాము రక్తనాళాలనూ అనుమానించాలి.

వెన్నుపామును కప్పి ఉంచే పొరలో ధమని, సిర నేరుగా కలిసిపోతే ధమనిలోని ఒత్తిడంతా సిరలపై పడుతుంది. అవి ఉబ్బుతాయి. రక్తం సాఫీగా వెనక్కి వెళ్లక వెన్నుపాము వాచి, మెల్లగా దెబ్బతింటుంది. ఇదే 'డ్యూరల్ ఫిస్టులా'. ఏటా పది లక్షల మందిలో 5 నుంచి 10 మందికే వస్తుంది. అయినా వెన్నుపాము రక్తనాళాల లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బాధితుల్లో అధికులు యాభై దాటిన మగవాళ్లు.

కాస్త దూరం నడిచేసరికి కాళ్లు బరువెక్కుతాయి. పాదాలు తిమ్మిరెక్కుతాయి. మెట్లెక్కడం కష్టమవుతుంది. తర్వాత మలమూత్రాలపై పట్టు తప్పుతుంది. ఇదంతా నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి జబ్బును గుర్తించేసరికి ఏడాది పైనే గడిచిపోతుంటుంది. చిన్న వయసువారిలో కనిపించే మరో రకం లోపంలో రక్తస్రావమై, ఉన్నట్టుండి వీపులో తీవ్రమైన నొప్పి, కాళ్లు చచ్చుబడటం ఉండొచ్చు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నడుము వరకే ఎమ్మారై తీస్తే అసలు లోపం దొరక్కపోవచ్చు. వీపు భాగమూ చూడాలా అని డాక్టర్ని అడగండి. లోపం ఎక్కడుందో యాంజియోగ్రామ్‌లో తేలుతుంది. సన్నని గొట్టం ద్వారా జిగురులాంటి మందు పంపిగానీ, ఆపరేషన్‌తోగానీ ఆ కలయికను మూసేస్తారు. దాంతో జబ్బు ముదరడం చాలావరకు ఆగుతుంది. పోయిన శక్తి మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే నడవగలిగినప్పుడే వెళ్లడం మేలు.